నొప్పి తెలియని చోట ఏం చూడాలి? వెన్నుపాము గాయంపై పాఠకుల ప్రశ్నలు

వెన్నుపాము గాయం గురించి వచ్చిన ఉత్తరాల్లో మొదటి వాక్యం దాదాపు ఒకటే: మళ్లీ నడుస్తారా? దానికి జవాబు కింద ఉంది. అయితే ఉత్తరం చివర్లో మాటవరసకి రాసినట్టున్న సంగతులే మమ్మల్ని ఎక్కువ కంగారుపెట్టాయి: అప్పుడప్పుడూ వచ్చే తలనొప్పి, పిరుదు మీద ఎర్రమచ్చ, బ్యాగులో తగ్గిన మూత్రం. అందుకే వాటికి ఎక్కువ చోటిచ్చాం.

ప్రశ్న: మా తమ్ముడు మెట్ల మీంచి పడితే మెడలో వెన్నుపూస విరిగింది. ఆపరేషనై మూడు వారాలైంది. కాళ్లు కదలవు, గిల్లినా తెలియదు. రిపోర్టులో ‘సి6, ఏఐఎస్ బి’ అని ఉంది. అంటే ఏమిటి? నడుస్తాడా?

జవాబు: సి6 అన్నది విరిగిన పూస నంబరు కాదు. రెండు వైపులా కదలిక, స్పర్శ సరిగా ఉన్న చివరి మెట్టు అది. సి అంటే మెడ, టి అంటే ఛాతీ, ఎల్ అంటే నడుము. మోచెయ్యి మడవడం సి5 పని, మణికట్టు పైకెత్తడం సి6 పని, మోచెయ్యి చాచడం సి7 పని. అంటే మీ తమ్ముడు మణికట్టు ఎత్తగలడు, మోచెయ్యిని బలంగా చాచలేడు.

ఇక ‘బి’. ఏఐఎస్ అంటే గాయం ఎంత తీవ్రమో ‘ఏ’ నుంచి ‘ఇ’ దాకా చెప్పే కొలత. కాళ్లలో స్పర్శ లేకపోతే ‘ఏ’ కదా అని మీ అనుమానం. వెన్నుపాము అట్టడుగు నరాలు చేరేది మలద్వారం చుట్టూ ఉన్న చర్మానికి. డాక్టర్లు అక్కడ దూదితో, పిన్నుతో, లోపల వేలితో నొక్కి చూస్తారు. అక్కడ స్పర్శ గానీ కదలిక గానీ ఏమాత్రం లేకపోతే ‘ఏ’. కదలిక లేకపోయినా స్పర్శ మిగిలితే ‘బి’. గాయం కింద కొంత కదలిక ఉండి, సగానికి పైగా కండరాలు బరువుకి ఎదురు లేవలేకపోతే ‘సి’. కనీసం సగం లేవగలిగితే ‘డి’. అంతా మామూలైతే ‘ఇ’. మీ తమ్ముడికి దారి పూర్తిగా మూసుకుపోలేదన్నమాట. ఆ చోట పిన్ను గుచ్చినట్టు కూడా తెలుస్తోందా, లేక తాకితే మాత్రమే తెలుస్తోందా అని డాక్టర్ని అడగండి. పిన్ను తెలిస్తే కోలుకునే ఆశ మరింత ఎక్కువ.

మొదటి రోజుల్లో వెన్నుపాము షాక్‌లో ఉంటుంది, కాళ్లు మెత్తగా వేలాడతాయి. కొన్ని వారాలకు రిఫ్లెక్సులు, అంటే మెదడు ఆజ్ఞ లేకుండానే జరిగే కదలికలు, తిరిగొస్తాయి. అప్పుడు దుప్పటి లాగితే కాలు తన్నుకుంటుంది. ఇంట్లోవాళ్లు కదలిక వచ్చేసిందని సంబరపడేది ఇక్కడే. తేల్చుకోవడం సులువు: ‘బొటనవేలు ఎత్తు’ అంటే ఎత్తాలి, ‘ఆపు’ అంటే ఆపాలి. రెండూ జరిగితేనే అది మెదడు పంపిన కదలిక. తిరిగొచ్చే బలంలో ఎక్కువ భాగం మొదటి ఆరు నెలల్లో వస్తుంది, మెల్లగా ఏడాది, ఏడాదిన్నర దాకా సాగుతుంది. మూడు వారాలకే నడుస్తాడనీ, నడవడనీ తేల్చి చెప్పే మాటను నమ్మకండి.

ఈ సందులో ఒక జాగ్రత్త. మణికట్టు పైకెత్తితే వేళ్లు వాటంతటవే ముడుచుకుంటాయి. సి6 మనిషి గ్లాసు పట్టుకునేది ఈ బిగువుతోనే. వేళ్లూ మణికట్టూ ఒకేసారి వెనక్కి వంచి సాగదీస్తే ఆ బిగువు పోతుంది, తర్వాత పట్టు రాదు. వేళ్లు చాచాలంటే మణికట్టు కిందికి వంచి చాచాలి. మణికట్టు ఎత్తినప్పుడు వేళ్లను ముడిచే ఉంచాలి. కాళ్లు పట్టే ప్రతి చుట్టానికీ ఇది చెప్పండి.

ప్రశ్న: దెబ్బ తగిలిన రోజే స్టెరాయిడ్ ఇచ్చి ఉంటే ఇలా అయ్యేది కాదని బంధువులు అంటున్నారు. ఇవ్వకపోవడం పొరపాటేనా?

జవాబు: కాదు. 1990లో వచ్చిన ఒక అధ్యయనంతో మిథైల్ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం పద్ధతిగా మారింది: ఎనిమిది గంటల్లోపు కిలోకి 30 మి.గ్రా., తర్వాత 23 గంటల పాటు గంటకి కిలోకి 5.4 మి.గ్రా. లాభం కొద్దిగానే కనిపించింది. ఇన్ఫెక్షన్లు, కడుపులో రక్తస్రావం లాంటి నష్టాలు మాత్రం బాగా కనిపించాయి. 2013లో అమెరికా న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు వాడొద్దన్నాయి. ఎనిమిది గంటల్లోపు చేరినవాళ్లకి ఒకరోజు కోర్సు ఇవ్వొచ్చనే నిపుణులు ఇప్పటికీ ఉన్నారు. ఇచ్చినవాళ్లదీ ఇవ్వనివాళ్లదీ తప్పు అనలేం.

మొదటి రోజుల్లో అంతకంటే ముఖ్యమైనవి వేరే ఉన్నాయి. నలిగిన వెన్నుపాము మీద నొక్కుతున్న ఎముకని వీలైతే 24 గంటల్లోపు తొలగించడం ఒకటి. సగటు బీపీని మొదటి వారం దాకా 85–90 దగ్గర నిలపడం రెండోది. బీపీ 120/80 ఉన్నవాడి సగటు సుమారు 93. మెడ గాయంలో బీపీ, నాడి రెండూ పడిపోతాయి కాబట్టి మందులతో నిలబెట్టాల్సి వస్తుంది. ఊపిరి మూడోది. ఊపిరి ఆడించే పెద్ద కండరం డయాఫ్రమ్‌ని నడిపే నరం సి3, సి4, సి5 నుంచే బయల్దేరుతుంది.

ప్రశ్న: మా ఆయనకి టి4 దగ్గర గాయమై ఏడాదైంది. మామూలుగా బీపీ 100/60. పది రోజులుగా అప్పుడప్పుడూ తల పగిలిపోయే నొప్పి, ముఖం ఎర్రబడటం, నుదుట చెమట, చేతుల మీద రోమాలు నిక్కబొడుచుకోవడం. ఆ పూట యూరిన్ బ్యాగులో మూత్రం తక్కువ. క్లినిక్‌లో బీపీ 150 ఉందని, అంత భయపడాల్సింది కాదని, తలనొప్పి మాత్ర ఇచ్చి పడుకోబెట్టమన్నారు.

జవాబు: పడుకోబెట్టకండి. ఈ నెల ఉత్తరాలన్నిటిలో ముందు చదవాల్సింది ఇదే.

దీని పేరు అటానమిక్ డిస్‌రిఫ్లెక్సియా. టి6 లేదా ఆ పైన గాయమైనవాళ్లకు వస్తుంది. కిందెక్కడో ఏదో ఇబ్బంది పెడుతోంది, చాలాసార్లు నిండిన మూత్రాశయం. ఆ కబురు గాయం దగ్గర ఆగిపోయి మెదడుకి చేరదు. కింది నరాలు మాత్రం ఉలిక్కిపడి రక్తనాళాల్ని బిగిస్తాయి, బీపీ ఎగబాకుతుంది. మెదడు ఆ పెరుగుదలను గమనించి గుండె వేగం తగ్గిస్తుంది, గాయం పైన ఉన్న నాళాల్ని వదులు చేస్తుంది. ముఖం ఎరుపు, చెమట అందుకే. కింది నాళాలకు ‘వదులవ్వండి’ అన్న ఆజ్ఞ చేరదు. వందతో బతికే మనిషికి 150 అంటే యాభై పెరిగినట్టు. మామూలు కంటే 20–40 పెరిగినా చాలు, ఇది డిస్‌రిఫ్లెక్సియా. వదిలేస్తే మెదడులో రక్తస్రావం, ఫిట్స్, ప్రాణాపాయం.

చేయాల్సినవి ఈ వరుసలోనే చేయండి. వెంటనే నిటారుగా కూర్చోబెట్టి కాళ్లు కిందికి వేలాడదీయండి, రక్తం కాళ్లలోకి దిగి బీపీ కొంత తగ్గుతుంది. బెల్టు, నడుము పట్టీ, బిగుతు సాక్సులు, బూట్లు, కాలికి కట్టిన బ్యాగు పట్టీ అన్నీ విప్పండి. రెండు నుంచి అయిదు నిమిషాలకోసారి బీపీ చూడండి.

తర్వాత మూత్రం. పైపు తొడ కింద మడతపడిందా, బ్యాగు నిండిందా, బ్యాగు మూత్రాశయం కంటే ఎత్తులో ఉందా చూడండి. అయినా కారకపోతే ఒంటి వేడికి తెచ్చిన సెలైన్ 10–15 మి.లీ. మెల్లగా ఎక్కించి చూడాలి. అంతకు మించి ఎక్కించకూడదు, పొట్ట మీద నొక్కకూడదు. అప్పటికీ రాకపోతే పైపు మార్చాలి. మార్చేముందు లిగ్నోకైన్ మత్తు జెల్లీ వేసి కనీసం రెండు నిమిషాలు ఆగండి. నొప్పి ఆయనకి తెలియకపోయినా కింది నరాలకు తెలుస్తుంది, బీపీ ఇంకా ఎగురుతుంది. మీరు రాసిన లక్షణాల్ని బట్టి పైపు మూసుకుపోతోందని మా అనుమానం.

మూత్రం బాగానే పోతున్నా బీపీ దిగకపోతే మలాశయం చూడాలి. అయితే పై బీపీ 150 దాటి ఉంటే ముందు మందు, తర్వాతే వేలు. మందు అంటే డాక్టరు ముందే రాసిచ్చి ఇంట్లో ఉంచమన్నది. చాలామందికి 10 మి.గ్రా. నిఫెడిపిన్ కొరికి మింగమని రాస్తారు, కొందరికి నైట్రేట్ పూత. అంగస్తంభనకి సిల్డెనఫిల్ వేసుకుని ఒక రోజు, టడలఫిల్ వేసుకుని రెండు రోజులు కాకపోతే నైట్రేట్ వాడితే బీపీ కుప్పకూలుతుంది. ఆ సంగతి మొహమాటపడకుండా చెప్పాలి. మలాశయంలోనూ ఏమీ లేకపోతే ఒళ్లంతా వెతకండి: పుండు, చర్మంలోకి దిగబడిన కాలిగోరు, నలిగిన వృషణం, ప్యాంటు జేబులో మరిచిన తాళంచెవి. కారణం దొరక్కపోయినా, బీపీ దిగకపోయినా ఆస్పత్రే. దిగినా రెండు గంటలు గమనించండి.

మీరు వెళ్లింది మామూలు క్లినిక్. వెన్నుపాము గాయాలు రోజూ చూడని డాక్టరుకి ఈ మాట తట్టకపోవచ్చు. ఒక కార్డు మీద ‘టి4 గాయం, మామూలు బీపీ 100/60, డిస్‌రిఫ్లెక్సియా వస్తుంది, పడుకోబెట్టకండి’ అని రాసి ఆయన జేబులో ఉంచండి.

ప్రశ్న: పైపు తీసేసి రోజూ నాలుగైదుసార్లు ట్యూబు పెట్టుకోమంటున్నారు. ఇన్నిసార్లు పెడితే ఇన్ఫెక్షన్ రాదా? మూత్రం మసగ్గా ఉందని ఇప్పటికే మూడుసార్లు యాంటీబయాటిక్ వాడాం.

జవాబు: పైపు ఎప్పుడూ ఉండటం కంటే ఇదే మేలు. 1972లో లాపిడెస్ అనే అమెరికన్ యూరాలజిస్టు చెప్పిన మాట ఇప్పటికీ నిలిచింది: ట్యూబు శుభ్రంగా ఉంటే చాలు, ఆపరేషన్ థియేటర్ శుద్ధి అక్కర్లేదు. ప్రమాదం మూత్రాశయాన్ని ఉబ్బిపోనివ్వడంలో ఉంది. గోడ సాగితే రక్తం అందదు, క్రిములు పాతుకుంటాయి.

చేతులు సబ్బుతో కడగాలి, ద్వారం నీళ్లతో శుభ్రం చేయాలి, ట్యూబుకి జెల్లీ రాయాలి. పెద్దవాళ్లకు సాధారణంగా 12 లేదా 14 సైజు. మగవాళ్లు అంగాన్ని పైకెత్తి పట్టుకుని, మూత్రం రావడం మొదలయ్యాక ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి పంపాలి. కండరం బిగుసుకుని ఆగితే తోయకండి, అక్కడే పట్టి ఉంచి నిదానంగా ఊపిరి తీసుకోండి, వదులవుతుంది. చుక్కలు ఆగాక కొంచెం కొంచెం బయటికి లాగండి. మధ్యలో మళ్లీ కారితే ఆగండి. ఎంత వచ్చిందో రాయండి. ఒకసారికి 500 మి.లీ. దాటకూడదు. దాటుతుంటే నాలుగు గంటలకోసారి చేయండి, లేదా సాయంత్రం తర్వాత తాగేది తగ్గించండి. రోజు మొత్తానికి రెండు లీటర్ల దగ్గర ఉంచి, కాస్త కాస్త తాగితే లెక్క కుదురుతుంది. పొత్తికడుపు నొక్కి, తట్టి మూత్రం పోయించడం మానేయండి. మూత్రాశయం ముడుచుకునే క్షణంలోనే కింది తలుపు బిగుసుకునే గాయాల్లో ఆ ఒత్తిడంతా కిడ్నీల మీదికి పోతుంది.

మసక, వాసన, పరీక్షలో క్రిములు, ఇవి మాత్రమే ఉంటే యాంటీబయాటిక్ అక్కర్లేదు. ట్యూబు వాడేవాళ్ల మూత్రంలో క్రిములు ఉంటూనే ఉంటాయి. జ్వరం, వణుకు, కొత్తగా లీకవడం, కాళ్లు కొట్టుకోవడం పెరగడం, డిస్‌రిఫ్లెక్సియా వీటిలో ఏదైనా తోడైతే కల్చర్‌కి ఇచ్చి మందు వాడాలి. ఊరికే వాడిన కోర్సుల ఫలితం, నిజంగా అవసరమైన రోజు మందు పనిచేయకపోవడం. ఏడాదికోసారి కిడ్నీల అల్ట్రాసౌండ్ మానకండి.

ప్రశ్న: వీల్‌చైర్‌లో కూర్చునే మా నాన్నకి పిరుదు ఎముక దగ్గర ఎర్రమచ్చ వచ్చింది. చుట్టూ గాలి, మధ్యలో కన్నం ఉన్న టైరు దిండు కొన్నాం. సరిపోతుందా?

జవాబు: దాన్ని తీసి పక్కన పెట్టండి. చుట్టూ నొక్కి, మధ్యలోకి రక్తం రానివ్వకుండా చేసేది ఆ దిండే.

ముందు మచ్చని పరీక్షించండి. వేలితో గట్టిగా నొక్కి వదిలితే తెల్లబడి మళ్లీ ఎర్రబడాలి, కూర్చోవడం ఆపిన అరగంటలో మాయమవ్వాలి. నొక్కినా ఎరుపు అలాగే ఉంటే పుండు మొదటి దశలో ఉంది. నల్లని చర్మం మీద ఎరుపు కనబడదు. చుట్టుపక్కల కంటే ముదురుగా, వేడిగా, గట్టిగా ఉందేమో తాకి చూడాలి. అది పూర్తిగా పోయేదాకా ఆ ఎముక మీద కూర్చోనివ్వకండి, వారం పట్టినా సరే. ఎందుకింత కఠినం అంటే ఒత్తిడికి ముందు చచ్చేది చర్మం కాదు, ఎముకని ఆనుకున్న కండ. పైన రూపాయి బిళ్లంత కన్నం తెరుచుకునే నాటికి లోపల పిడికిలంత గుల్ల ఉండొచ్చు. మచ్చ మీద మసాజ్ వద్దు.

కుషన్ గాలిదైతే రోజూ చెయ్యి పెట్టి చూడాలి. నాన్న కూర్చున్నాక మీ అరచెయ్యి కుషన్ మీదుగా దూర్చి పిరుదు ఎముక పట్టుకోండి. ఎముకకీ కుషన్ అడుగుకీ మధ్య అర అంగుళం నుంచి అంగుళం ఖాళీ ఉండాలి. అంతకంటే తక్కువైతే ఎముక అడుగుకి తగులుతుంది, ఎక్కువ గాలి కొడితే కుషన్ బండరాయి అవుతుంది.

పావుగంట నుంచి అరగంటకోసారి ఒత్తిడి తీయాలి. చేతుల మీద లేచి పది సెకన్లలో కూలబడటం చాలదు, కండకి రక్తం తిరిగి అందాలంటే సుమారు రెండు నిమిషాలు కావాలి. ముందుకి వంగి రొమ్ము తొడల మీద ఆనించడం, లేదా బాగా పక్కకి ఒరగడం మంచిది. ఏళ్ల తరబడి చేతుల మీద లేస్తే భుజాలు అరుగుతాయి, వీల్‌చైర్ మనిషికి భుజాలే కాళ్లు.

మంచం మీద రెండు గంటలకోసారి తిప్పండి. పూర్తిగా పక్కకి కాకుండా 30 డిగ్రీలు ఒరిగేలా వీపు వెనక దిండు పెట్టండి, లేకపోతే తుంటి ఎముక మీద పుండు పడుతుంది. పిక్కల కింద దిండు పెట్టి మడమలు గాల్లో ఉంచండి. తలవైపు 30 డిగ్రీలకు మించి ఎక్కువసేపు ఎత్తకండి, జారే ఒంటికీ అతుక్కున్న చర్మానికీ మధ్య నాళాలు తెగుతాయి. 1944లో ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్‌లో గుట్‌మన్ అనే డాక్టరు వెన్నుపాము వార్డు తెరిచినప్పుడు ఇలాంటి రోగుల్ని చీముపుండ్లు, మూత్ర ఇన్ఫెక్షన్లు తినేస్తుండేవి. ఆయన పట్టుబట్టి చేయించిన పనుల్లో మొదటిది రాత్రింబవళ్లు రెండు గంటలకోసారి తిప్పడం. ఇప్పటి ఖరీదైన పరుపులేవీ ఆ పనికి పూర్తి బదులు కావు.

ప్రశ్న: మలవిసర్జనకి వేళాపాళా లేదు. ఎప్పుడు పడితే అప్పుడు బట్టలు పాడవుతున్నాయి.

జవాబు: గాయం నడుము పైన ఉండి రిఫ్లెక్స్ బతికుంటే ఒకే వేళ పెట్టుకోండి. తిన్న 20–30 నిమిషాలకు పేగు తనంతట తాను కదులుతుంది, ఆ సమయం వాడుకోండి. గ్లోవు వేసి, జెల్లీ రాసిన వేలిని లోపల గోడకి ఆనించి 15–20 సెకన్లు మెల్లగా గుండ్రంగా తిప్పాలి. అయిదు, పది నిమిషాలకోసారి మళ్లీ, మలం ఆగేదాకా. అవసరమైతే ముందు బైసకోడిల్ సపోజిటరీ, మలం మధ్యలో కాకుండా పేగు గోడకి ఆనేలా పెట్టాలి. వెన్నుపాము చివర, దాదాపు ఎల్1 దగ్గర గానీ ఆ కింద గానీ గాయమైతే రిఫ్లెక్స్ ఉండదు. తిప్పినా ఫలితం లేదు, రోజూ వేలితో తీయాల్సిందే. వాళ్లకి మలం కాస్త గట్టిగా ఉండటమే మేలు, మెత్తనైతే జారిపోతుంది. కొత్త పద్ధతి మార్చేముందు రెండు మూడు వారాలు ఆగి చూడండి.

ప్రశ్న: కాళ్లు కొట్టుకోవడం తగ్గడానికి బాక్లోఫెన్ వాడుతున్నాను. రెండు రోజులు మందు దొరకలేదు. వణుకు, ఏవేవో కనిపించడం. మందు పడలేదా?

జవాబు: పడకపోవడం కాదు, ఒక్కసారిగా ఆగిపోవడం. బాక్లోఫెన్ హఠాత్తుగా మానేస్తే జ్వరం, భ్రమలు, ఫిట్స్ దాకా పోతుంది. ఇప్పుడే ఆస్పత్రికి వెళ్లండి. ఇకమీద వారం మాత్రలు మిగిలి ఉండగానే కొనండి, మానాలన్నా వారాల మీద తగ్గించాలి. ఇంకో మాట. బిగుతు ఉన్నట్టుండి పెరిగితే డోసు పెంచే ముందు మూత్రం, మలం, చర్మం, కాలిగోళ్లు చూడండి. నొప్పి చెప్పలేని ఒళ్లు చాలాసార్లు ఇలా చెబుతుంది.

ప్రశ్న: గాయమై రెండు నెలలు. ఒక తొడ వాచి వేడిగా ఉంది. ఫిజియోథెరపీ కొనసాగించవచ్చా?

జవాబు: ఈరోజుకి ఆపండి. మూడు అనుమానాలున్నాయి. రక్తం గడ్డకట్టడం మొదటిది. అది ఊపిరితిత్తికి చేరితే ప్రాణం పోతుంది కాబట్టి ఈరోజే డాప్లర్ స్కాన్ చేయించండి. హెపారిన్ ఇంజెక్షన్లు మామూలుగా కనీసం ఎనిమిది వారాలు ఇస్తారు, మధ్యలో ఆపారేమో చూసుకోండి. రెండోది తుంటి చుట్టూ కండలో ఎముక పెరగడం, మొదటి నెలల్లోనే మొదలవుతుంది. తొలి రోజుల ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. మూడోది విరిగిన తొడ ఎముక. బరువు మోయని ఎముకలు గుల్లబారి, మంచం మీంచి కుర్చీలోకి మారేటప్పుడు కాలు మెలిపడినా విరుగుతాయి.

ప్రశ్న: మూలకణాలు ఎక్కిస్తే కాళ్లు వస్తాయని ఒకచోట చెప్పారు. ఇల్లు తాకట్టు పెట్టమంటారా?

జవాబు: పెట్టకండి. జపాన్ 2018లో ఒక మూలకణ చికిత్సకి షరతులతో అనుమతిచ్చింది, పోల్చి చూసే గుంపు లేకుండా కొద్దిమందిలోనే చూశారని దాని మీదే విమర్శలొచ్చాయి. పరిశోధన నిజమైనదైతే రోగి దగ్గర చికిత్సకి డబ్బు వసూలు చేయడం అరుదు. ఎవరైనా అడిగితే ట్రయల్ రిజిస్ట్రేషన్ నంబరు, నైతిక కమిటీ అనుమతి పత్రం చూపించమనండి. వెన్నుపాముకి కరెంటు ప్రేరణ మీద మాత్రం ఆసక్తి పెట్టుకోవచ్చు. మెడ గాయంలో చేతి బలానికి చర్మం మీంచి ఇచ్చే ఒక పరికరాన్ని 2024 డిసెంబరులో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతించింది. అదీ చేతి శిక్షణతో కలిపితేనే.

ప్రశ్న: నాకు టి5 గాయం. పిల్లలు పుడతారా?

జవాబు: పుడతారు. గాయమయ్యాక కొన్ని నెలలు నెలసరి ఆగినా తిరిగొస్తుంది, గర్భం ధరించే శక్తి మామూలుగా తగ్గదు. కాన్పు నొప్పులు మీకు తెలియకపోవచ్చు, కాబట్టి చివరి నెలల్లో పొట్ట బిగుసుకోవడం చేత్తో తాకి తెలుసుకోవడం నేర్చుకోండి. నొప్పులప్పుడు బీపీ ఎగబాకి తలనొప్పి వస్తే గర్భిణులకు బీపీ పెరిగి వచ్చే గుర్రపువాతమని పొరబడే అవకాశం ఉంది, అది డిస్‌రిఫ్లెక్సియా కావచ్చు. నొప్పి లేకపోయినా ముందే ఎపిడ్యూరల్ పెట్టించడం దానికి మంచి అడ్డుకట్ట. ఏడో నెలలోపే మత్తు డాక్టరుని కలిసి ఈ మాట రాయించుకోండి.